ఎర్ర సిరాకి జవాబు

ముప్పై మూడేళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని. రిటైరయ్యాక కూడా ఎర్ర సిరా పెన్ను చేతిలోంచి దింపడం నాకు చేతకాలేదు. ఇంటికి శుభలేఖ వస్తే ముందు అచ్చుతప్పులు దిద్ది, ఆ తర్వాతే ముహూర్తం చూసుకునేదాన్ని. ఒకసారి మా ఆయన పాలవాడికి రాసిపెట్టిన చీటీని దిద్ది గుమ్మానికి తగిలిస్తే, పాపం అతను ఆ ఎర్ర గీతలు చూసి ఈరోజు పాలు వద్దన్నారేమో అనుకుని వెళ్లిపోయాడు. అలాంటి మనిషిని తీసుకెళ్లి ఒక ట్రస్టుకి కార్యదర్శిగా కూర్చోబెట్టారు. కాబట్టి తర్వాత జరిగినదానిలో తప్పంతా నాదే కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

ట్రస్టు చిన్నది. అరకులో ఉండే ఐదుగురం బోర్డు సభ్యులం. చేసే పని ఒక్కటే: కొండల మీది ఊళ్లలో నలభై దాటినవాళ్లకి దగ్గరచూపు పరీక్ష చేసి కళ్లద్దాలు ఇవ్వడం. సూదిలో దారం ఎక్కించలేక, బియ్యంలో రాళ్లు ఏరలేక, కాలిలో ముల్లు దిగితే తీసుకోలేక అవస్థపడే మనిషికి ఆ చిన్న జత చాలా ఉపకారం చేస్తుంది. అద్దాలు దాతలు పంపేవారు. వాటిని మోసుకుని కొండలెక్కేది మాత్రం మేం కాదు, తొమ్మిదిమంది వాలంటీర్లు. అందరూ ఆ కొండలవాళ్లే. కాఫీ తోటల పనీ, సామల పొలం పనీ చూసుకుని వారానికి ఒకరోజు మా పనికి నడిచేవారు. మొదట్లో ‘వాలంటీర్’ అన్న మాటతోనే చిక్కొచ్చింది. అది వినగానే ఊళ్లోని ముసలివాళ్లు పింఛను వచ్చిందనుకుని, వేలిముద్ర కోసం బొటనవేలు తుడుచుకుంటూ వచ్చి నిలబడేవారట. అందుకని వాళ్లే ఆ పేరు వదిలేసి ‘అద్దాలోళ్లం’ అని చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఆ తొమ్మిదిమందిలో పెద్దావిడకి యాభై ఏళ్లుంటాయి. మిగతావాళ్లు పెద్దక్క అనేవారు, నేనూ అదే అంటాను. కొండమీద కొంచెం కాఫీ తోట, చెట్లకి పాకించిన మిరియాల తీగలు ఉన్నాయి. ఐదో తరగతి చదివింది. తెలుగు, ఒడియా, వాళ్ల కొండభాష మూడూ మాట్లాడుతుంది. మూడింట్లోనూ గొంతు పెద్దదే. ఎంతటివాళ్లనైనా నువ్వనే అంటుంది. మొదటిసారి నన్ను చూసి, “ఏటమ్మా, కొత్తగా ఒచ్చిన టీచరమ్మవి నువ్వేనా?” అంది. అన్నేళ్లు మేడంగారూ అనిపించుకున్న ప్రాణం కలుక్కుమంది. వాళ్ల మాటల్లో అది అమర్యాద కాదని తెలియడానికి నాకు కొన్నాళ్లు పట్టింది.

కార్యదర్శి కాగానే నేను చేసిన మొదటి ఘనకార్యం ఒక ఫారం తయారుచేయడం. అందులో పదకొండు గడులు. పేరు, ఊరు, వయసు, అక్షరాల అట్టలో ఎన్నో వరుస దాకా చదివారు, ఇచ్చిన అద్దం పవరెంత... ఇలా సాగి సాగి చివరి గడిలో ‘లబ్ధిదారుల అభిప్రాయం’ దగ్గర ఆగుతుంది. ప్రతి వాలంటీరూ నెలకోసారి దాన్ని నింపి పంపాలి.

పెద్దక్క రిపోర్టు జీపులో వచ్చింది, ప్లాస్టిక్ కవరులో, పనసపండు వాసనతో. భోజనం చేసి, పెన్ను తీసుకుని, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. అక్షరాల అట్టలో ఎన్నో వరుస చదివారో రాయాల్సిన గడిలో పైనుంచి కిందిదాకా ‘సేట’ అని ఉంది. సేట, సేట, సేట. పద్నాలుగు చోట్ల ఓపిగ్గా ‘చేట’ అని దిద్దాను. పక్కన ‘చేటకీ కంటి పరీక్షకీ సంబంధమేమిటి? అట్ట ఎందుకు వాడలేదు?’ అని రాశాను. చివరి గడి కిందిదాకా తెల్లగా కనిపించింది. దానిమీద అడ్డంగా ‘ఖాళీగా వదిలేశారు. శ్రద్ధ అవసరం’ అని రాసి, కింద సంతకం పెట్టాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ చెయ్యి అలవాటు మానలేదు. పైన కుడిపక్క మూలన పదికి నాలుగు మార్కులు వేసి, చుట్టూ సున్నా చుట్టాను.

కాగితం వచ్చిన జీపులోనే తిరిగి పంపించాను. ఆ సాయంత్రం ట్రస్టు గాడిలో పడుతోందని నాకు చాలా తృప్తిగా అనిపించింది.

మరుసటి నెల పెద్దక్క రిపోర్టు రాలేదు. ఆమె అద్దాల పెట్టె మాత్రం వచ్చింది, పాత చీర ముక్కలో మూటకట్టి. చీటీ గీటీ ఏమీ లేదు.

శుక్రవారం సంతలో ఆమె మరిది కనిపించాడు. అతనూ మా వాలంటీరే. గోనెపట్టా మీద అల్లం రాశిపోసుకుని కూర్చున్నాడు. పెద్దక్క ఎందుకు మానేసిందని అడిగితే, తలెత్తకుండానే చెప్పాడు.

“ఆ కాయితం సంతలోనే అందినాదమ్మా. ఒదిన పిప్పళ్లు తూకం ఏయిస్తన్నాది, సేతులు కాళీ లేవు. సదవరా అంటే నాను గట్టిగా సదివీసినాను. నాకేటి తెలుసు లోపల తిట్లున్నాయని?”

“తిట్లు కావయ్యా, సూచనలు” అన్నాను.

“పదికి నాలుగు సూచనేటమ్మా?”

చుట్టుపక్కల పసుపూ చింతపండూ అమ్ముకునేవాళ్లంతా విన్నారట. అప్పటినుంచి సంతకి వస్తే చాలు, ఎవరో ఒకరు ‘ఓలమ్మా, నాలుగు మార్కులమ్మొచ్చినాది’ అని నవ్వుతున్నారట. అవసరం లేకపోయినా రెండు కిలోల అల్లం కొనుక్కుని ఇంటికొచ్చాను. మా ఇంట్లో చాలా రోజులు అల్లం పచ్చడే.

సంగతి బోర్డు మీటింగులో పెట్టాను. మీటింగు మా అధ్యక్షులవారి కిరాణా కొట్టు వెనకగదిలో, పప్పు బస్తాల మధ్య జరిగేది. ఆయన విజయనగరం వైపునుంచి ముప్పై ఏళ్ల క్రితం కొండెక్కి వచ్చిన మనిషి. మనసు వెన్న. అయితే ఆయన దగ్గర అన్ని జబ్బులకీ ఒకటే మందు.

“సన్మానం చేసేద్దాం మేడం” అన్నారు. “శాలువా పడిందంటే ఎలాంటి కోపమైనా దిగిపోవలసిందే.”

“ముందు నేను వెళ్లి తప్పయిందని చెబితే?”

“అయ్యో, కార్యదర్శి తప్పయిందంటే బోర్డు పరువేటవుతుంది? సన్మానం చేసీమనుకోండి, క్షమాపణా అయిపోతుంది, కృతజ్ఞతా అయిపోతుంది. రెండూ ఒకే ఖర్చు.”

నాకు అది తప్పుడు దారి అని తెలుసు. కానీ కొండెక్కి ఒకరి ముందు తలవంచడం కంటే, కింద కూర్చుని చప్పట్లు కొట్టడం తేలిక కదా. ఒప్పుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్న పంచాయతీ ఆఫీసు ఆవరణలో సభ. వెనక పెద్ద ఫ్లెక్సీ. దానిమీద మా ఐదుగురి మొహాలూ పనసకాయలంతేసి ఉన్నాయి. కింద మూలన పోస్టల్ స్టాంపంత ఫొటోలో సన్మానగ్రహీత. పెద్దక్క తన చుట్టాలు పదిమందితో వచ్చింది. ఫ్లెక్సీ ముందు నిలబడి చాలాసేపు చూసింది.

“ఆ కిందనున్నది నాను కాదు, మా సెల్లి” అంది. “అదేటి సేసినాదని దానికి సన్మానం?”

ఫ్లెక్సీ వేసినవాడు గ్రూపు ఫొటోలోంచి పక్కమనిషిని కత్తిరించాడు. చెల్లెలు అక్కడే ఉంది. ఆవిడకి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు. ఫొటో బాగా పడిందని పక్కవాళ్లకి చూపించుకుంటోంది.

అధ్యక్షులవారు నేత్రాల గొప్పదనం గురించి ముప్పావుగంట మాట్లాడారు. ‘నిస్వార్థ సేవామూర్తి’ అన్న మాట ఎన్నిసార్లు వాడారో చెప్పలేను. తర్వాత దండ, శాలువా, కన్ను ఆకారంలో ఉన్న గాజు మెమెంటో. చివర మైకు పెద్దక్క చేతికిచ్చారు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మైకు అవసరమే లేని గొంతుతో మొదలుపెట్టింది.

“మొన్న నాలుగు మార్కులేసినారు. ఇప్పుడు గుడ్డ కప్పినారు. నాను సెడ్డదాన్నా మంచిదాన్నా నాకైతే తెల్డం లేదు.” జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. “నాను సేసిన పని ఈ అయిదుగురిలో ఎవులు సూసినారు? సూడనోళ్లు తిట్టినా ఒకటే, పొగిడినా ఒకటే. ఆ టీచరమ్మ ఒకరోజు నాతోటి రావాల. ఒచ్చి, సూసి, అప్పుడు రెండు మార్కులే ఎయ్యమను. నాను ఒప్పుకుంటాను.”

మైకు తిరిగి ఇచ్చేసి, మెడలోని దండ తీసి చెల్లెలి మెడలో వేసింది. “పొటో దానిదే కదా” అంది.

అధ్యక్షులవారు నా వైపు చూశారు. నేను బడిపిల్లలా చెయ్యెత్తి, “వస్తాను” అన్నాను.

ఆ బుధవారం బయల్దేరాం. రోడ్డు ఆగిపోయినచోట జీపు దిగి, అక్కడినుంచి నడక. నేను తిరిగి తెచ్చిచ్చిన పెట్టెని పెద్దక్క నెత్తిన పెట్టుకుంది, నాకు అక్షరాల అట్ట ఉన్న సంచీ ఇచ్చింది. ఆ అట్ట బరువు కూడా నాకు ఎక్కువే అయింది. మలుపు మలుపుకీ ఆగుతుంటే ఆమె పైనుంచి కేకేసేది: “బేగి రా టీచరమ్మా! మనం ఎల్లేసరికి ఆళ్లు పొలాలకి ఎల్లిపోతారు!” ఒక వాగు దగ్గర నాచుమీద కాలుజారి కూర్చుండిపోయాను. ఆమె వచ్చి లేపి, నా బూట్లు చూసి, “ఇవేటి, బలే తెల్లగున్నాయి” అని మాత్రం అంది.

ఊళ్లోకి వెళ్లేసరికి ఒక ఇంటి అరుగుమీద ఏడెనిమిదిమంది కూర్చుని ఉన్నారు. పద్ధతి ఎలా ఉంటుందో చూపించాలని నేనే ముందుకొచ్చి అట్ట బయటికి తీశాను. మొదటి ముసలమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, “ముగ్గు బాగున్నాది” అని తిరిగి ఇచ్చింది. ఆమెకి అక్షరాలు రావు. రెండో ఆయన ముసలాయన. ఇంత దూరం వచ్చినదాన్ని నొప్పించడం ఆయనకి ఇష్టంలేదు.

“ఇది ‘గ’ కదా తాతా?”

“అవును తల్లీ, గ.”

“ఇది ‘మ’?”

“మ యే తల్లీ.”

చివరి వరుసదాకా అలాగే చదివాడు. చూపు భేషుగ్గా ఉందని రాసుకున్నాను. పెద్దక్క గుమ్మానికి ఆనుకుని చూస్తోంది.

“అయిపోనాదా నీ పరీచ్చ?” అని అడిగి, లోపలినుంచి ఒక చేట తెప్పించింది. అందులో గుప్పెడు సామలు పోసి, కొంగుముడి విప్పి సన్నటి రాళ్లు పది లెక్కపెట్టి కలిపింది. చేటని ముసలాయన ఒడిలో పెట్టి, “పది రాళ్లున్నాయి. ఏరు” అంది.

ఇందాక చివరి వరుసదాకా చదివిన మనిషి, వేళ్లతో తడుముకుని తడుముకుని రెండు ఏరాడు. ఒక జత పెట్టింది, ఐదు ఏరాడు. ఇంకో జత మార్చింది, తొమ్మిది. పదోదాన్ని వేలికొనమీద పెట్టుకుని, కళ్లకి దగ్గరగా తెచ్చి, దూరంగా పెట్టి, “ఇది రాయి కాదే, పురుగు. పారిపోతన్నాది” అన్నాడు. అరుగంతా ఘొల్లుమంది. పెద్దక్క తన ఫారం తీసి ‘సేట’ అని రాసుకుంది.

ఆ తర్వాత, మళ్లీ పది రాళ్లు కలిపిన చేట నా ఒడిలోకి వచ్చింది. “నువ్వూ ఏరు టీచరమ్మా.”

నాకేం, నాకు అద్దాలున్నాయి. విశాఖలో పెద్ద డాక్టరు రాసిచ్చినవి, అయితే ఆరేడేళ్లయింది. ధైర్యంగా ఏరి, ఇక లేవని చెప్పాను. ఆమె నా అరచేతిలో చూసి లెక్కపెట్టింది.

“మూడు” అంది. తర్వాత చాలా మెల్లగా, “నీ కంటే నాకే ఒక మార్కు ఎక్కువొచ్చినాది” అంది.

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది ముసలమ్మ. నవ్వుతూనే పెద్దక్క నా మొహం మీదినుంచి పాత అద్దాలు తీసి, పెట్టెలోంచి ఒక జత తీసి పెట్టింది. సామ గింజలు ఒక్కొక్కటిగా విడివడి కనిపించాయి. నా గోళ్లలో మట్టి కూడా కనిపించింది.

ఏదైనా మాట వస్తే నా పక్షం చెప్పుకోవాలని ఆమె పాత రిపోర్టు నకలుని, జీపుకివ్వకముందే ఫైలు కోసం తీయించి ఉంచినదాన్ని, సంచిలో పెట్టుకుని వచ్చాను. ఇప్పుడెందుకో దాన్ని తీయాలనిపించింది. తీసి చూశాను. ఖాళీగా ఉందని నేను గీకిపారేసిన చివరి గడి ఖాళీగా లేదు. సన్నటి పెన్సిల్ అక్షరాలు, నకలులో మరీ వెలిసిపోయి, ప్రతి వరుసలోనూ ఉన్నాయి.

‘దారం ఎక్కించింది. ఏడ్సింది.’

‘మనవరాలి తలలో పేలు సూసింది. మనవరాలు పారిపోనాది.’

‘మొగుడు ముసలోడైపోనాడని ఇప్పుడే తెలిసిందంట.’

‘కోడలు బియ్యం సరిగ్గా ఏరడం లేదని తెలిసింది. అద్దాలు ఎనక్కి తీసుకుపొమ్మని కోడలు అడిగింది.’

వీటన్నిటి మీదా అడ్డంగా, నిండుగా, నా చేతివ్రాత: శ్రద్ధ అవసరం.

“తప్పయిపోయింది పెద్దక్కా” అన్నాను. అంతవరకూ ఆమెని మీరనేదాన్ని. ఆ క్షణాన ఎందుకో నువ్వని వచ్చింది. “నువ్వు రాసింది నాకు కనపడలేదు.”

“కళ్లు ఆనకపోతే తప్పేటి? అద్దాలెట్టుకోడమే” అంది. “కానీ టీచరమ్మా, మార్కులెయ్యాలంటే పిలిచి ఎయ్యాల. జీపుకిచ్చి పంపకూడదు.”

నేను తలూపాను. ఆమె అక్కడితో ఆగలేదు. తనకి జరిగినట్టు కాగితం మీద కాకుండా, మొహం మీదే, వేళ్లు మడుస్తూ నా తప్పులు చెప్పింది. ఊళ్లోకి వచ్చాక ఇచ్చిన నీళ్లు తాగకుండానే పేర్లడిగాను. దారంతా కాళ్లవైపే చూసి నడిచాను, ఎదురొచ్చినవాళ్లని పలకరించలేదు. “అన్నిటికీ మించి, ఆ ముసలాడికి జవాబులు నువ్వే సెప్పీసి, ఆడు పాసైపోనాడని రాసుకున్నావు. బళ్లో కూడా ఇలగే సేసినావేటి?”

రోషం వచ్చింది. కాదని చెప్పబోయాను. ఇన్స్పెక్షన్ల రోజులు కొన్ని గుర్తొచ్చి ఊరుకున్నాను.

అయితే నా దగ్గరా ఒక మాట ఉంది. కొత్త అద్దాలతో చూస్తుంటే ఆ రిపోర్టులోనే ఇంకొకటి కనిపించింది. ఏడో వరుసలో ఒకావిడ గురించి ‘కంటిలో పాలచుక్కలాగుంది’ అని రాసి, దగ్గరచూపు అద్దాలు ఇచ్చి పంపేసింది. అలాంటివాళ్లని ఆస్పత్రికి పంపాలని ట్రైనింగులో చెప్పినదే. చెప్పనా వద్దా అని తటపటాయించి, ఆమె పక్కన కూర్చుని చూపించాను.

పెద్దక్క మొహం బిగుసుకుంది. కాసేపు చేటలో గింజలు అటూ ఇటూ నెట్టింది.

“అది నిజిం” అంది చివరికి. “ఆ రోజు వాన కమ్ముకొస్తంది, బేగి ఎల్లిపోవాలని ఇచ్చీసినాను. అది నా తప్పే.” తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని చూసింది. “మరి ఇక్కడ ఎర్రగా రాయలేదేటి?”

రాయలేదు. ఆ వరుసలో నేను దిద్దింది ‘సేట’ ఒక్కటే.

ఆ మరుసటి వారమే ఆవిడని ఇద్దరం కలిసి విశాఖ తీసుకెళ్లాం. శుక్లం తీశారు. కట్టు విప్పగానే ఆవిడ ముందు పెద్దక్కని, తర్వాత నన్ను చూసి, ఆస్పత్రి గోడలు ఇంత మురిగ్గా ఉన్నాయేమిటని అడిగింది.

తర్వాతి బోర్డు మీటింగులో, ఏడాదికి రెండుసార్లయినా ప్రతి సభ్యుడూ ఒక వాలంటీరు వెంట కొండెక్కాలని ప్రతిపాదించాను. అధ్యక్షులవారు మోకాళ్ల నొప్పులు అన్నారు, కొట్టు ఎవరు చూస్తారన్నారు. చివరికి వెళ్లొచ్చారు. పిక్క మీద జలగ కరిచిన మచ్చని వారంరోజులు కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ పంచె పైకెత్తి చూపించారు. సన్మానాలు పూర్తిగా మానలేదు గానీ, ఇప్పుడు వాలంటీర్లని ముందే అడుగుతారు: మీకేం కావాలి? మొదటిసారి అలా అడిగినప్పుడు తొమ్మిదిమందీ ఒకరి మొహాలొకరు చూసుకుని, పెద్దక్కనే చెప్పమన్నారు.

“మేము ఆస్పత్రికి పంపినోళ్లు ఏటయినారో మాకు సెప్పండి” అంది. “కన్ను ఒచ్చిందో పోయిందో తెల్దు. ఆ ఊరు ఎల్తే మొకం ఎలగ సూపించాల? అది సెప్తే సాలు.”

అంత చిన్న సంగతి మాకు ఒక్కరికీ తట్టలేదు. అప్పటినుంచి శనివారాలు ఫోన్లు చేసి చెప్పడం నా పని. సిగ్నల్ దొరికేది కొండకొమ్మున ఒక్కచోటే కాబట్టి, వాళ్లు గాలిలో నిలబడి అరుస్తారు, నేను వంటింట్లో నిలబడి అరుస్తాను.

విమర్శ చెప్పడంలో నేను ఆరితేరిపోయానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఈమధ్య అల్లం అమ్మే ఆ మరిదికే ఒక మాట చెప్పాల్సివచ్చింది. పెట్టెలో కొన్ని పవర్లు అయిపోతే, కొత్తవి అడగకుండా ఉన్నవాటినే అందరికీ పెట్టేస్తున్నాడు. ఈసారి కాగితం పంపలేదు. స్వయంగా వాళ్లింటికి వెళ్లాను. ఇచ్చిన నీళ్లు తాగాను. ఎదురొచ్చినవాళ్లందరినీ పలకరించాను. సామన్నం, నాటుకోడి పులుసు పెడితే తిన్నాను. చెయ్యి కడుక్కుని, పక్కన కూర్చుని, మెత్తగా, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాను.

అయినా కోపం వచ్చింది. రెండు వారాలు పనికి రాలేదు. మూడో వారం ఖాళీ పెట్టె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు, అయిపోయిన పవర్లు వరుసగా ఒక చీటీమీద రాసుకుని.

“నువ్వు సెప్పింది నిజిమేనమ్మా” అన్నాడు. “కానీ కోడి తిన్నంతసేపూ నవ్వుతా ఉండి, సెయ్యి కడిగినాక సెప్పినావు సూడు, అది బాగోలేదు. ముందే సెప్పీసుంటే కోడిని కొయ్యకపోదును.”

ఈసారి గుమ్మంలోనే చెప్పేస్తానని మాటిచ్చి, లోపలికి పిలిచి, పెట్టె నింపడానికి కూర్చున్నాను.